ఎంఆర్‌ఐలో మూలకణాల జాడ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎముక మజ్జలోంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలను (ఎముక, కొవ్వు, మృదులాస్థిగా మారగల కణాలు) ఎలుక మోకాలిలోకి ఎక్కించి ఎంఆర్‌ఐలో చూడాలనుకుంటున్నాం. గుర్తు కోసం ఇనుముండే ఫెరుమాక్సిటాల్ మందు కలిపి రాత్రంతా ఉంచినా, ఇనుమును నీలంగా చూపే ప్రష్యన్ బ్లూ పరీక్షలో కణాలు నీలం తిరగడం లేదు. స్టోర్‌లో ఉన్న ఐరన్ సుక్రోజ్ వాడొచ్చా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: వద్దు. రెండూ రక్తహీనతకు ఇచ్చే మందులే గానీ, ఫెరుమాక్సిటాల్‌లో ఉన్నది బలంగా అయస్కాంతీకరణ చెందే ఐరన్ ఆక్సైడ్ నానో రేణువు. ఐరన్ సుక్రోజ్‌కు ఆ గుణం లేదు. ప్రష్యన్ బ్లూలో మాత్రం అదీ నీలంగానే కనబడుతుంది, స్కానర్ దగ్గరికి వెళ్లాక మోసం బయటపడుతుంది.

మీ ఇబ్బంది మందుతో కాదు, విద్యుదావేశంతో. రేణువు పైపూత రుణావేశం, కణత్వచం కూడా రుణావేశమే. అందుకే ధనావేశమున్న ప్రొటమిన్ అనే ప్రొటీన్, దానితోపాటు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు కలపాలి. మూడూ కలిసి కట్టే ముద్దలను కణాలు తేలిగ్గా మింగుతాయి. 2012లో వచ్చిన ఈ పద్ధతిలో మిల్లీలీటరుకు హెపారిన్ 2 యూనిట్లు, ప్రొటమిన్ 60 మైక్రోగ్రాములు, ఇనుము 50 మైక్రోగ్రాములు.

సీరం లేని 10 మి.లీ. మీడియాకు (కణాలు పెంచే ద్రవానికి) లెక్క ఇదీ: 1000 యూనిట్ల హెపారిన్ అయితే 20 మైక్రోలీటర్లు, 10 మి.గ్రా. ప్రొటమిన్ అయితే 60, 30 మి.గ్రా. ఫెరుమాక్సిటాల్ అయితే సుమారు 17. ఇందులో 1000, 10, 30 అనేవి వయల్‌లో మి.లీ.కి ఉండే గాఢతలు. వయల్ మీది అంకె చూసుకోండి, 5000 యూనిట్ల హెపారిన్‌ను ముందే పలచన చేసుకోవాలి. చిక్కటి మందులను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు; ఒక్కొక్కటీ మీడియాలో కలిపి తిప్పాలి.

డిష్‌లో కణాలు ముప్పావు వంతు పరుచుకున్నాక ఇది పోసి 2 నుంచి 4 గంటలు ఉంచండి. ముందే సీరం ఉంటే దాని ప్రొటీన్లు ముద్ద కట్టడాన్ని చెడగొడతాయి. తర్వాత 20 శాతం సీరం ఉన్న మీడియా సమానంగా పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో) ఒకసారి, మి.లీ.కి 10 యూనిట్ల హెపారిన్ కలిపిన పీబీఎస్‌తో ఇంకోసారి కడగాలి. చాలామంది ఈ రెండో కడుగు ఎగ్గొడతారు. కణాల మీద అంటుకున్న ముద్దలు వదిలేది దానితోనే.

రంగు పరీక్షకు 4 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్, 4 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం అప్పటికప్పుడు సమపాళ్లలో కలిపి 30 నిమిషాలు. నీలం కణం లోపల కనబడాలి. కణాల మధ్య ఉంటే కడగడం చాలలేదని అర్థం.

మీది మోకాలు కాబట్టి ఇంకో మాట. ఫెరుమాక్సైడ్స్ అనే పాత ఐరన్ ఆక్సైడ్ మందుతో గుర్తుపెట్టిన కణాలు కొవ్వుగా, ఎముకగా మారగలిగినా మృదులాస్థిగా మారడంలో వెనకబడ్డాయని జాన్స్ హాప్కిన్స్ బృందం 2004లో చూపింది. ఇనుము మోతాదు పెంచే ముందు మృదులాస్థి పరీక్ష చేసి తీరాలి.

ప్రశ్న: ఇనుముతో గుర్తుపెట్టిన కణాలు ఎక్కించి ఆరు వారాలైనా ఎంఆర్‌ఐలో నల్ల మచ్చ అలాగే ఉంది. కణాలు బతికున్నట్టేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చెప్పలేం. మచ్చ చూపేది ఇనుమునే. కణం చచ్చాక ఆ ఇనుమును మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) మింగి అక్కడే ఉండిపోతాయి. సూది పొడిచినప్పుడు కారిన రక్తం, గాలి బుడగ కూడా నల్లగానే కనిపిస్తాయి. బతికి విభజన చెందిన కణంలోనేమో ఇనుము సగమవుతూ పోతుంది: 10 పికోగ్రాములు నాలుగు విభజనల్లో 0.6కు దిగుతుంది. అంటే చచ్చినది కనబడుతూ, పెరిగినది మాయం కావచ్చు. గుర్తుపెట్టి, గడ్డకట్టించి కరిగించి చంపిన అన్నే కణాలను ఇంకో గుంపు ఎలుకలకు ఎక్కించండి. రెండు గుంపుల్లో మచ్చలు ఒకేలా ఉంటే మీ స్కాన్ బతుకు గురించి ఏమీ చెప్పనట్టే. చివర్లో కణజాలం కోసి, దాత కణాల (ఎక్కించిన కణాల) గుర్తును, మాక్రోఫేజ్ గుర్తును పక్కపక్కనే చూడాలి.

ప్రశ్న: ఇనుము బదులు గాడోలీనియం (మరో ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్ పదార్థం) వాడితే తెల్లగా కనబడుతుంది కదా?

జవాబు: కనబడాలి గానీ, కణంలోని సంచుల్లో ఇరుక్కున్నాక నీటితో కలయిక తగ్గి మెరుపు పడిపోతుంది. రక్తస్రావపు గొడవ వద్దనుకుంటే ఫ్లోరిన్-19 నయం. ఒంట్లో సహజంగా దాని సిగ్నల్ దాదాపు ఉండదు కాబట్టి కనబడిందంతా మీరు పెట్టినదే. అయితే దానికి ప్రత్యేక కాయిల్ (సిగ్నల్ అందుకునే తీగచుట్ట) కావాలి, ఒకే చోట వేల సంఖ్యలో కణాలుండాలి.