ఛారిటీ షాపులో దొరికిన చైనా జాడీ, కర్పూరం చెక్క పెట్టె: వయసెంత, ధరెంత?

మీరు అడిగింది ఇదీ. బర్మింగ్‌హామ్‌లో ఒక ఛారిటీ షాపులో (విరాళంగా వచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్టు) మూడు వస్తువులు కొన్నారు: నీలం మీద తెల్ల పూలున్న పింగాణీ జాడీ, పైన నగిషీలున్న కర్పూరం చెక్క పెట్టె, నల్లగా ఉన్న ఒక చిన్న చెక్క స్టాండు. జాడీకి చెక్క మూత ఉంది, అడుగున రెండు వలయాల మధ్య నాలుగు చైనా అక్షరాలున్నాయి. అవి కాంగ్షీ చక్రవర్తి పేరని ఫోన్‌లో యాప్ చెప్పింది. స్టాండు జితాన్ అనే ఖరీదైన చెక్క అని షాపులో అన్నారు. ఇవన్నీ నిజమేనా, ఎంత చేస్తాయి అని అడిగారు.

నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా కార్ బూట్ సేళ్లలో (జనం కారు డిక్కీల్లో తెచ్చిన పాత సామాన్లు అమ్మే సంతలు), చిన్న ఊళ్ల వేలాల్లో చైనా సామాన్లు కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. నా మొదటి మాట: కాసేపు ఆ అక్షరాల సంగతి పక్కన పెట్టండి. పింగాణీలో చివరగా చూడాల్సింది అవే.

యాప్ తప్పు చదవలేదు. అక్కడ రాసింది కాంగ్షీ పేరే. కాని ఆయన పాలించింది 1662 నుంచి 1722 వరకు. ఆ కాలపు పనితనం మీద గౌరవంతో తర్వాతి కుమ్మరులు కూడా ఆ పేరే రాస్తూ వచ్చారు. 1860ల నుంచి లండన్‌లో నీలం తెలుపు పింగాణీ మీద మోజు బాగా పెరిగింది. విస్లర్, రోసెట్టి లాంటి చిత్రకారులు కూడా పోటీపడి సేకరించారు. ఆ గిరాకీకి తగ్గట్టు, చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరి బట్టీల నుంచి మీ జాడీలాంటివే, పగిలిన మంచు మీద ప్లమ్ జాతి పూలున్నవి, లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో చాలావాటి అడుగున ఈ నాలుగక్షరాలే ఉంటాయి. ఇంకో సంగతి, 1677లో జింగ్‌డెజెన్ అధికారి సామాన్ల మీద చక్రవర్తి పేరు రాయొద్దని ఆంక్ష పెట్టాడు. అందుకే అసలు కాంగ్షీ కాలపు ఎగుమతి సామాన్ల అడుగున చాలాసార్లు ఖాళీ వలయాలో, ఒక ఆకు బొమ్మో ఉంటుంది. పేరు లేనిది అసలుదై, పేరున్నది తర్వాతిదైన సందర్భాలు నేను వేలాల్లో చాలా చూశాను.

ఇక జాడీని మెత్తని తువ్వాలు మీద బోర్లించి, పగటి వెలుతురులో అడుగు అంచు చూడండి. గాజులాంటి పూత లేని ఆ వలయమే అసలు సాక్షి. పాతదైతే చేత్తో చెక్కిన ఆనవాళ్లు తెలుస్తాయి. పూత ఆగిన చోట చాలాసార్లు సన్నని నారింజ రంగు గీత కనిపిస్తుంది, మట్టిలో ఉన్న ఇనుము వల్ల వచ్చేది అది. అంచంతా తెల్లగా, గరుకు కాగితంతో రుద్దినంత నున్నగా ఉంటే కొత్తదని అనుమానించండి. గోధుమరంగు మరక ఒకే తీరుగా పట్టించినట్టుంటే ఇంకా అనుమానించండి. ఏళ్ల వాడకంతో పట్టిన మురికి ఎక్కడ రాపిడి ఉందో అక్కడే ఉంటుంది, అంతటా సమానంగా ఉండదు.

తర్వాత లోపల చెయ్యి పెట్టి తడమండి. పాత జాడీలను పైభాగం, కింది భాగం విడిగా చేసి అతికేవారు, మధ్యలో అడ్డంగా ఒక మిట్ట వేలికి తగులుతుంది. నిలువుగా గీత తగిలితే అచ్చులో పోసి చేసినట్టు. ఆపై నీలాన్ని భూతద్దంతో చూడండి. మంచి కాంగ్షీ పనిలో ఒకే నీలం ముదురుగా, లేతగా పొరలు పొరలుగా, లోతుగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరివాటిలో కుంచె హడావిడిగా నడిచి, రంగు చదునుగా కనిపిస్తుంది. చుక్కలు చుక్కలుగా, ప్రతి పువ్వూ ఒకేలా ఉంటే అది ముద్రణ. గులాబీ రంగు సామాన్లు దొరికితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: బంగారం నుంచి తీసే ఆ గులాబీ ఎనామెల్ (పూత పైన వేసే రంగు) చైనాలో 1720ల ప్రాంతంలోనే వాడుకలోకి వచ్చింది. నిండా గులాబీ రంగు పూలుండి, అడుగున కాంగ్షీ పేరుంటే ఆ పేరు నమ్మక్కర్లేదు.

మీ జాడీ నిజం చెక్క మూతలోనూ కొంత దొరకొచ్చు. పింగాణీ మూతలు తొందరగా పగిలిపోతాయి కాబట్టి, విలువైన జాడీలకు తర్వాతి యజమానులు జాలీ పని చేసిన గట్టిచెక్క మూతలు చేయించేవారు. మీ మూత ఆ మెడకు కొలత తీసి చేసినట్టు సరిగ్గా కూర్చుంటే, ఎవరో ఒకప్పుడు దాని మీద డబ్బు పెట్టారన్నమాట. అది మంచి గుర్తు. రుజువు మాత్రం కాదు.

పాతది కాబట్టి ఖరీదైనది అనుకోవద్దు, ఈ రంగంలో కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది ఈ ఊహే. 1752లో మునిగిన గెల్డర్‌మాల్సెన్ అనే డచ్చి ఓడ సరుకు 1985లో బయటికొచ్చింది, 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ అనే సంస్థ వేలం వేసింది. దాదాపు లక్షన్నర వస్తువులు. 1822లో మునిగిన టెక్ సింగ్ ఓడ నుంచి ఇంకా ఎక్కువే, మూడున్నర లక్షల దాకా, 2000లో జర్మనీలో అమ్మకానికొచ్చాయి. రెండొందల ఏళ్లు నీళ్లలో ఉన్న ఆ చిన్న పళ్లాలు ఇప్పటికీ చాలాసార్లు వంద పౌండ్ల లోపే దొరుకుతాయి, ఎందుకంటే అవి అంత పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నా దగ్గరున్న ఒక టీ సాసరు అడుగున ఆ 1986 వేలం స్టిక్కరు ఇంకా ఉంది. అది లేకపోతే నేను ఇచ్చిన ధరలో సగం కూడా ఇచ్చేవాణ్ని కాదు. మీ వస్తువుల మీద పాత లేబుల్, నంబరు, రసీదు ఏదున్నా దయచేసి పీకేయకండి.

ధరను నిలబెట్టేది, పడగొట్టేది వస్తువు పరిస్థితే. జాడీని వేలిగోటితో మీటండి. ఖంగుమంటే మంచిది, డొల్ల శబ్దం వస్తే ఎక్కడో బీట ఉంది. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే రిపేరు చేసి రంగు వేసిన చోట్లు చాలావరకు వేరుగా వెలుగుతాయి. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. డిష్‌వాషరు, బ్లీచు వద్దు. పూత పైన వేసిన రంగులు, బంగారు గీతలు పోతే మళ్లీ రావు.

కర్పూరం పెట్టె విషయంలో నాకు అంత సందేహం లేదు. మూత మీద ఓడలు, డ్రాగన్లు, గుడులు నిండుగా చెక్కినవి ఎక్కువగా షాంఘై, హాంకాంగ్‌లలో ఇరవయ్యో శతాబ్దంలో, నావికుల కోసం, విదేశీ ఉద్యోగుల కోసం తయారైనవి. నగిషీ లేకుండా, మూలలకు ఇత్తడి పట్టీలు కొట్టినవే చాలాసార్లు అంతకన్నా పాతవి. తెరవగానే ఘాటుగా కర్పూరం వాసన రావాలి, ఉన్నిబట్టలకు పురుగు పట్టకుండా వాడేది అందుకే. అడుగు పలక, వెనక వైపు, కీళ్ల దగ్గర మరలు చూడండి. నగిషీ లోతుల్లో ఉలి దెబ్బలు ఒకటికొకటి తేడాగా ఉంటే చేతి పని. చెక్కిన గాడులన్నీ ఒకే గుండ్రంతో ముగిస్తే మిషను పని. ఇక్కడి వేలాల్లో మంచి పెట్టె వంద నుంచి రెండొందల పౌండ్ల మధ్య పోవడం నేను చూశాను. అమ్మడానికన్నా ఇంట్లో వాడుకోవడానికే అది బాగా పనికొస్తుంది, నా మంచం కాళ్ల దగ్గర ఉన్నదీ అలాంటిదే.

స్టాండు దగ్గర మనవాళ్లకు ఒక దగ్గరి సంబంధం ఉంది. చైనా రాజదర్బారు ఎంతో మోజుపడ్డ జితాన్ అంటే సాధారణంగా మన శేషాచలం కొండల ఎర్రచందనమే. ఆ చెక్క చాలా దట్టం, నీళ్లలో మునిగేంత బరువు. కొలతకు మించిన బరువు చేతికి తెలుస్తుంది. కాని మార్కెట్లో కనిపించే నల్లని స్టాండ్లలో చాలావరకు హోంగ్‌ము అని పిలిచే రోజ్‌వుడ్ రకాలు, లేదా మామూలు చెక్కకు రంగు పూసినవి. అడుగున కనబడని మూలలో లేత రంగు బయటపడితే పూత అన్నమాట. దాన్ని గీకి, నీళ్లలో ముంచి పరీక్షలు చేయకండి. జితాన్ కాకపోయినా పాత గట్టిచెక్క స్టాండుకు దానికదే గిరాకీ ఉంది, ఎందుకంటే పింగాణీ కుండీలున్నవాళ్లకు సరైన స్టాండు దొరకదు. వేలాల్లో జాడీ కన్నా స్టాండుకే ఎక్కువ పలకడం చూశాను.

ధర తెలుసుకోవాలంటే అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైన రేట్లు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టరుంది, వేలం హౌసుల పాత ఫలితాలూ దొరుకుతాయి. వేలం హౌసుల్లో పలికిన ధర మీద కొన్నవాళ్లు పాతిక శాతమో అంతకన్నా ఎక్కువో అదనంగా కడతారు, అమ్మినవాళ్ల సొమ్ములోంచి కమిషను పోతుంది. కాబట్టి మీ చేతికొచ్చేది వేరు. ఇన్సూరెన్సు కోసం రాసిచ్చే విలువ మరీ ఎక్కువగా ఉంటుంది, దాన్ని అమ్మకం ధర అనుకోవద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి, జాడీ పంతొమ్మిదో శతాబ్దం చివరిదైతే యాభై నుంచి నూటయాభై పౌండ్లు. అసలు కాంగ్షీదైతే వందల్లోంచి వేలల్లోకి వెళ్తుంది. ఆ అనుమానం బలంగా ఉంటే ఆసియా విభాగం ఉన్న వేలం హౌసుకు ఫొటోలు పంపండి, చాలాచోట్ల ఉచితంగానే అంచనా చెప్తారు. వస్తువు మీద దంతం పొదిగి ఉంటే మాత్రం ఆగండి. 2022 జూన్ నుంచి బ్రిటన్‌లో ఏనుగు దంతం అమ్మకాలపై కఠినమైన చట్టం అమల్లో ఉంది.

వీలు చూసుకుని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 95వ గదికి వెళ్లండి. సర్ పెర్సివల్ డేవిడ్ చైనా పింగాణీ సేకరణ, దాదాపు 1,700 వస్తువులు, ఉచితం. 1351 నాటి తేదీ రాసిన రెండు కుండీలు అక్కడే ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్‌లో చైనా పింగాణీ కూడా చూడండి. కాని అద్దాల వెనక చూస్తే కళ్లకే అలవాటవుతుంది. చేతికి అలవాటు కావాలంటే వేలానికి ముందు రోజు జరిగే వ్యూయింగ్‌కి (వచ్చినవాళ్లకు సరుకు చూపించడం) వెళ్లాలి. అడిగితే ఎవరైనా వస్తువు చేతికిస్తారు, కొనక్కర్లేదు. నేను నేర్చుకున్నదంతా అక్కడే.

జాడీ అడుగు అంచు దగ్గరగా, లోపలి భాగం టార్చి వెలుగులో, మూత కింది వైపు, స్టాండు అడుగు: ఈ నాలుగు ఫొటోలు పెట్టండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. జాడీ ఎత్తు సెంటీమీటర్లలో, స్టాండు బరువు గ్రాముల్లో కూడా రాయండి. అవి చూశాక ఇంకాస్త గట్టిగా చెప్పగలను.