న్యూజెర్సీ మెడికల్ కార్డు ఉంటే గంజాయి గమ్మీలు ఇండియా తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్, మేం ఎడిసన్‌లో ఉంటాం, నాది హెచ్4 (డిపెండెంట్ వీసా), గ్రీన్ కార్డుకి ఐ-485 దరఖాస్తు త్వరలో వేస్తున్నాం. నెలసరి నొప్పికి ఏళ్ల తరబడి పెయిన్ కిల్లర్లు వాడీ వాడీ కడుపు పాడైపోయింది, డాక్టర్ ద్వారా మెడికల్ కార్డు తీసుకుని ఆ నాలుగు రోజులు రాత్రిపూట ఒక గంజాయి గమ్మీ (జెల్లీ బిళ్ల) వేసుకుంటున్నా, నిద్ర పడుతోంది. వచ్చే నెల చెల్లెలి పెళ్లికి విజయవాడ వస్తున్నా, డబ్బా తెచ్చుకోవచ్చా? లేబుల్ మీద నా పేరు కూడా ఉంది. అక్కడ ఆయుర్వేదంలో గంజాయి ఆకుతో చేసే విజయ తైలం దొరుకుతుందని అమ్మ అంటోంది, అది లీగలేనా?

జవాబు: అమ్మా, తేవద్దు. ఒక్క గమ్మీ కూడా వద్దు. హ్యాండ్‌బ్యాగు అడుగున ఎప్పుడో పడేసి మర్చిపోయినవి కూడా ఉంటాయి, బయల్దేరే ముందు రోజు అరలన్నీ దులిపి చూసుకోండి.

మీరేదో చాటుగా తప్పు చేశారని నేను అనట్లేదు. మెడికల్ గంజాయికి అర్హత ఉన్న జబ్బుల లిస్టులో నెలసరి నొప్పిని న్యూజెర్సీ వాళ్లే పెట్టారు. కానీ ఆ కార్డు ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితం, దాని మాట ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది, అమెరికా ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు, ఇక మన కస్టమ్స్ వాళ్ల దగ్గర అయితే అది లైసెన్సూ కాదు పర్మిషనూ కాదు.

ఇక్కడ ఇండియాలో ఉన్నది 1985 ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం. కిలో లోపు గంజాయి అయితే చిన్న మొత్తం కిందికి వస్తుంది, ఏడాది వరకు జైలు లేదా 10 వేల వరకు ఫైను లేదా రెండూ అని చాలామందికి తెలుసు, తెలిసి నా డబ్బా అంతా కలిపి పావుకిలో కూడా లేదు కదా అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ కిలో లెక్క మొక్క పూతకి. గమ్మీలో ఉండేది మొక్క నుంచి తీసిన టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తునిచ్చే రసాయనం, దాన్ని చట్టంలో సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థంగా విడిగా చూపించారు, దాని లెక్క కిలోల్లో ఉండదు, గ్రాముల్లో ఉంటుంది. పైగా 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, అసలు మత్తుమందు ఎంతుందని కాదు, అందులో కలిపిన మామూలు పదార్థంతో సహా మొత్తం తూకమే లెక్క అని. అంటే గమ్మీలో మందు 10 మిల్లీగ్రాములే ఉన్నా పంచదార, జెలటిన్ కూడా తూకంలో పడతాయి. ప్రాసిక్యూషన్ ఆ లెక్క పట్టుకుందంటే నొప్పికి తెచ్చుకున్న డబ్బా కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారానికి తెచ్చినంత మొత్తం, అయి కూర్చుంటుంది, అప్పుడు కనీస శిక్షే 10 ఏళ్లు, సెక్షన్ 37 వల్ల బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. విదేశం నుంచి తెచ్చారు కాబట్టి దిగుమతి సెక్షను కూడా పడుతుంది.

ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రేలో డబ్బా కనబడితే బ్యాగు తెరిపిస్తారు, లేబుల్ చదువుతారు, త్రాసు మీద పెట్టి తూచి పంచనామా రాస్తారు, శాంపిల్ ల్యాబుకి పోతుంది. మీ పేరున్న ఆ లేబులే అది మీదేననడానికి సాక్ష్యం. ఒంటి మీద సోదా చేయాలంటే మాత్రం ఆడ ఆఫీసరే చేయాలి, గెజిటెడ్ ఆఫీసరు దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇస్తుంది, కానీ బ్యాగు సోదాకి ఆ హక్కు వర్తించదు. భయపడి రాసిచ్చిన ఒప్పుకోలు 2020 తోఫాన్ సింగ్ తీర్పు తర్వాత మీ మీద సాక్ష్యంగా నిలవదు, అయినా రాయకండి, లాయర్‌ని పిలవాలని అడగండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి, నాకు అసలు భయం దీని గురించే. ఐ-485 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఏదైనా రాష్ట్రం గానీ, అమెరికా గానీ, వేరే దేశం గానీ పెట్టిన కంట్రోల్డ్ సబ్‌స్టన్స్ (నియంత్రిత మత్తుమందుల) చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అని. కార్డుంది కదా అని చాలామంది చెయ్యి ఆగకుండా నో కొట్టేస్తారు, ఆ ప్రశ్నలో అమెరికా అన్న మాట కూడా ఉందని చూడరు. ఇమిగ్రేషన్ చట్టంలో కేసు, శిక్ష ఏమీ లేకపోయినా మీ అంతట మీరు ఒప్పుకున్న మాట చాలు గ్రీన్ కార్డు ఆపడానికి. సివిల్ సర్జన్, అంటే గ్రీన్ కార్డు మెడికల్ పరీక్షకి ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకున్న డాక్టరు, ఆయన దగ్గర పరీక్షలో కూడా ఇవే ప్రశ్నలు వస్తాయి, మనవాళ్లు డాక్టరే కదా అని మొత్తం కథ చెప్పేస్తారు. అలాగని అబద్ధం ఆడమని నేను ఎప్పటికీ చెప్పను, తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అది ఇంకా పెద్ద ముప్పు. అమెరికా ఫెడరల్ మత్తుమందుల జాబితాలో గంజాయిని అన్నిటికంటే కఠినమైన షెడ్యూల్ 1 నుంచి 3కి దించుతామని 2024లో ప్రతిపాదన పెట్టారు, దించినా అది కంట్రోల్డ్ సబ్‌స్టన్సే కాబట్టి దాన్ని నమ్ముకోకండి. ఇవాళే గమ్మీ ఆపేసి, ఫారం నింపకముందే, సివిల్ సర్జన్ అపాయింట్‌మెంట్ కంటే ముందే, అక్కడి ఇమిగ్రేషన్ అటార్నీ దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు లాయరుకి చెప్పింది బయటికి పోదు. ఫోన్లో గమ్మీ ఫోటోలు, ఫ్రెండ్స్‌తో చాట్లు ఉంటే వాటి గురించి కూడా ఆయనకే చెప్పండి, మీ అంతట మీరు ఏదీ డిలీట్ చేయకండి.

అమ్మగారు చెప్పిన విజయ మాట నిజమే. మన చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, అవి కలవని ఆకూ గింజా ఆ నిర్వచనంలోకి రావు, అందుకే ఆకుతో చేసే ఆయుర్వేద మందులకి లైసెన్సులు ఉన్నాయి. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉండాలి, ఆయుర్వేద డాక్టరు చీటీ, బిల్లు దగ్గర పెట్టుకోవాలి. ఇన్‌స్టాలో యాడ్ చూసి కొనేవి వద్దు. హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజల పొడి, గింజల నూనె సంగతి వేరు, వాటిని 2021లో ఫుడ్ సేఫ్టీ వాళ్లే పరిమితులు పెట్టి ఒప్పుకున్నారు.

అయితే మీ విషయంలో మాత్రం 485 తేలేదాకా విజయ కూడా ముట్టుకోకండి. పెళ్లి పనుల్లో ఒక పూట ఖాళీ చేసుకుని విజయవాడలో మంచి గైనకాలజిస్టుకి చూపించుకోండి, ఏళ్ల తరబడి ఇంత నొప్పి అంటే ఎండోమెట్రియోసిస్ ఉందేమో ముందు తేల్చుకోవాలి. పెయిన్ కిల్లర్ పడని కడుపుకి వేరే వైద్యం ఉందేమో అడగండి. అమ్మ ప్రేమతో సీసా కొని సూట్‌కేసులో సర్దినా, తిరుగు ప్రయాణం రోజు తీసి ఆమె చేతికే ఇచ్చేయండి.