పిల్లలతో పడవ మీద ఎనిమిది నెలలు: డబ్బు లెక్క, దారి లెక్క

చి.ల.సౌ. సుజాతకు,
మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగాలు కొన్నాళ్లు పక్కన పెట్టి పిల్లలతో తెరచాప పడవ మీద అట్లాంటిక్ దాటాలనుకుంటున్నామని రాశావు. తప్పకుండా వెళ్లండి. పెద్దవాడికి తొమ్మిది, చిన్నదానికి ఆరు, ఇది సరైన వయసు. మొదటిసారికి మాత్రం మహాసముద్రం వద్దు. అక్టోబరు చివర్లో వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో బయల్దేరి తీరం వెంబడి ఫ్లోరిడా, జనవరికి బహామాస్, మే నెలలో తిరుగు ప్రయాణం. మీ చేతిలో ఉన్న డబ్బుకీ, అనుభవానికీ సరిపడే దారి ఇదే.

అన్నిటికంటే ముందు కాగితాల సంగతి. మీ ఇద్దరిలో ఎవరైనా ఇంకా హెచ్‌-1బీ మీద ఉంటే రాజీనామా మాటే ఎత్తొద్దు, ఉద్యోగం పోయిన 60 రోజుల్లో స్టేటస్ సమస్య మొదలవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నా ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే సిటిజన్‌షిప్ లెక్క దెబ్బతినొచ్చు. ఏడాది దాటేటట్లయితే రీ-ఎంట్రీ పర్మిట్ ముందే తీసుకోవాలి. నేను చెప్పిన దారిలో మీరు అమెరికా బయట ఉండేది నాలుగైదు నెలలే. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఆగే ప్రతి దేశం వీసా విడిగా చూసుకోవాలి. ఎప్పుడైనా కరీబియన్ దాకా పోతే, ఆ దీవుల్లోని మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్‌వే అయినా మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు.

ఇక డబ్బు. పడవ ధర చూసి భయపడకు, అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. రానిది ఎంతో కాగితం మీద వేసి చూడు. 38 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవ 70,000 డాలర్లు అనుకో. దాన్ని సిద్ధం చేయడానికి 20,000. ఎనిమిది నెలల బతుకు నెలకు 4,000 చొప్పున 32,000. తిరిగొచ్చాక 60,000కు అమ్మితే బ్రోకరుకు పది శాతం పోను చేతికి 54,000. అంటే అసలు ఖర్చు 68,000. కానీ బయల్దేరేనాటికి చేతిలో ఉండాల్సింది 1,22,000, దాని మీద 15,000 అత్యవసర నిధి. ఈ రెండు అంకెల తేడా తెలియకే చాలా కుటుంబాలు పడవలోనే డబ్బంతా పోసి, మార్చి నెలకల్లా చేతులెత్తేస్తాయి. ఇల్లు అద్దెకిస్తే మార్ట్‌గేజ్ గడవాలి, మిగులు ఆశించకు.

హైదరాబాద్ ఫ్లాటు ఈఎంఐ, అమ్మానాన్నలకు పంపేది ఈ 4,000లో కలపొద్దు. నలుగురికీ హైదరాబాద్ టికెట్ల డబ్బు వేరే ఖాతాలో ఉంచు. మా అక్కకు, అదే మీ అమ్మకు, ఒంట్లో బాగాలేదని కబురొస్తే పడవను ఏ మెరీనాలో వదిలి వెళ్లాలో కూడా ముందే అనుకోండి. ఉద్యోగం మానేశాక ఆరోగ్య బీమాకు కోబ్రా పథకం తీసుకుంటే పాత ప్లానే 18 నెలల దాకా నడుస్తుంది, ప్రీమియం మొత్తం మీ నెత్తిన పడుతుంది. విదేశంలో ఏమేం వర్తిస్తాయో రాతపూర్వకంగా అడుగు.

పడవకు బీమా దొరకడం ఇప్పుడు పడవ దొరకడం కన్నా కష్టం. అనుభవం లేనివాళ్లు ఒకేసారి 42 అడుగులదానికి వెళితే కంపెనీలు వద్దంటాయి, లేదా కొన్ని రోజులు కెప్టెన్‌ను వెంట ఉంచుకోమంటాయి. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే కొటేషన్ తీసుకో. అల్లుడుగారూ నువ్వూ ఇద్దరూ కోర్సులు పూర్తి చేయండి, ఒక్కరికే తెలిస్తే చాలదు. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ నెలల్లో పడవ ఏ అక్షాంశానికి పైన ఉండాలో పాలసీలో రాసి ఉంటుంది. ఆ తేదీ తప్పితే పరిహారం రాదు.

అమ్మేవాడు చూపించిన సర్వే (పడవ తనిఖీ) రిపోర్టు నమ్మకు. మీ తరఫున సర్వేయరును పెట్టి, పడవను నీళ్ల నుంచి పైకి తీయించి చూపించు. సర్వేకి అడుక్కి 25 డాలర్లు, పైకి తీసే ఖర్చు అదనం. డెక్ మీద ప్లాస్టిక్ సుత్తితో తడుతూ పోతే మోగకుండా మొద్దుగా చప్పుడైన చోట లోపలి చెక్క నాని ఉండొచ్చు. మాస్టును (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే స్టీలు తీగలు పదేళ్లు దాటితే మార్చే ఖర్చు బేరంలోంచి తగ్గించు. పడవ అడుగున నీళ్లు లోపలికొచ్చే ప్రతి వాల్వూ నీ చేత్తో తిప్పి చూడు. తిరగని వాల్వు, గొట్టం ఊడిన రోజున పడవను ముంచుతుంది. కీల్ లోతు, అంటే పడవ నీళ్లలోకి దిగే లోతు, ఐదడుగులు దాటకుండా చూసుకో, బహామాస్‌లో ఆరున్నర అడుగుల లోతు దిగే పడవకు సగం రేవులు మూసుకుపోయినట్టే. నీటి మట్టం నుంచి మాస్టు కొన దాకా, యాంటెన్నాతో కలిపి, 63 అడుగులు మించొద్దు. తీరపు కాలువ (ఇంట్రాకోస్టల్ వాటర్‌వే) మీద చాలా స్థిర వంతెనల ఎత్తు 65 అడుగులని రాసి ఉంటుంది, వానలు పడితే అంత ఉండదు.

ఆ కాలువ నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలు నుంచి మయామీ దగ్గర 1,095 దాకా. రోజుకు 45 మైళ్లు నడిచినా, వాతావరణానికి ఆగే రోజులు కలిపి ఫ్లోరిడా చేరడానికి ఆరు వారాలు పెట్టుకోండి. జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడెనిమిది అడుగులు. ఇసుక మేటలున్న చోట పోటు ఎక్కుతున్నప్పుడే వెళ్లాలి. పడవ నేలకు తగిలినా అదే నీరు మళ్లీ పైకి లేపుతుంది. ఆటు మీద తగిలితే గంటల తరబడి ఒరిగి ఉండాల్సిందే.

మొత్తం ప్రయాణంలో నేను నిజంగా భయపడేది ఫ్లోరిడా, బహామాస్ మధ్య పారే సముద్ర ప్రవాహమైన గల్ఫ్ స్ట్రీమ్‌కే. ఫ్లోరిడాలోని లేక్ వర్త్ నుంచి బహామాస్‌లోని వెస్ట్ ఎండ్‌కు సుమారు 55 నాటికల్ మైళ్లు, మీ పడవకు పది పదకొండు గంటలు. ప్రవాహం గంటకు రెండున్నర, మూడు మైళ్లు ఉత్తరానికి లాగుతుంది కాబట్టి పడవ ముక్కు బాగా దక్షిణానికి తిప్పి ఉంచాలి. వాయవ్యం, ఉత్తరం, ఈశాన్యం, వీటిలో ఏ గాలి ఉన్నా కదలొద్దు. ప్రవాహానికి ఎదురుగా వీచే గాలి అలల్ని గోడల్లా నిలబెడుతుంది. తేలికపాటి ఆగ్నేయ గాలి కోసం పది రోజులైనా ఆగండి. చెల్లెలు ఫలానా తేదీకి బహామాస్ రాజధాని నాసావ్‌కు విమానంలో వస్తోందని ఆ రోజే దాటబోయి దెబ్బతినొద్దు. చుట్టాలకు ఊరో తేదీయో ఒకటే చెప్పండి, రెండూ చెప్పొద్దు. అర్ధరాత్రి దాటాక బయల్దేరితే సూర్యుడు నెత్తి మీద ఉండగా చేరతారు. నీటి రంగు చూసి పగడపు గుట్టలు తప్పించాలి, అది సాయంకాలపు ఎండలో కనిపించదు.

చలికాలంలో వారానికోసారి చల్లగాలి వస్తుంది. గాలి దక్షిణం నుంచి పడమరకు, అక్కడి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. బహామాస్ దీవులైన ఎగ్జూమాస్‌లో చాలా రేవులకు తూర్పు గాలి నుంచే చాటు, పడమర వైపు ఖాళీ. గాలి తిరగడానికి ఒకరోజు ముందే పడమర చాటున్న చోటికి చేరండి.

మెరీనాలో అడుక్కి రెండు డాలర్లు వేసుకున్నా రాత్రికి 76. లంగరు వేసుకుంటే ఆ అద్దె ఉండదు. అందుకే లంగరు దగ్గర పిసినారితనం వద్దు: 20 నుంచి 25 కిలోల కొత్తరకం లంగరు, 10 మిల్లీమీటర్ల గొలుసు 60 మీటర్లు. నీటి లోతు 4 మీటర్లు, ముక్కు ఎత్తు ఒకటిన్నర, రాబోయే పోటు అర మీటరు అయితే మొత్తం ఆరు. దానికి ఐదు రెట్లు, అంటే 30 మీటర్ల గొలుసు వదలాలి, గాలి పెరిగితే ఏడు రెట్లు. ముక్కు ఎత్తు లెక్కలో మరిచిపోయేవాళ్ల పడవలే రాత్రిపూట జారతాయి. ఇంజన్ వెనక్కి నడిపి, ఒడ్డున రెండు గుర్తులు కదలకుండా ఉన్నాయో లేదో చూశాకే వంట మొదలుపెట్టు.

మన ప్రెషర్ కుక్కర్ పడవకు పుట్టిన వస్తువు, ఊగినా ఒలకదు, గ్యాసు తక్కువ తింటుంది. నలుగురికి మూడు వారాలకు బియ్యం 15 కిలోలు, కందిపప్పు నాలుగు కిలోలు, ఆవకాయ, పొడులు ఉంటే ఫ్రిజ్ ఆగిపోయినా కంగారుండదు. బహామాస్‌లో కూరగాయలు ప్రియం, ఫ్లోరిడాలోనే నింపుకోండి. అట్టపెట్టెలు లోపలికి తేవద్దు, బొద్దింక గుడ్లు వాటితోనే వస్తాయి. ప్రొపేన్ గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. సిలిండరు, కారిన గ్యాసు పడవ బయటికి పోయే గూట్లోనే ఉండాలి, అడుగున గ్యాస్ డిటెక్టరు ఉండాలి. వంట అయిన వెంటనే గ్యాసును సిలిండరు దగ్గరే కట్టెయ్యి.

పిల్లలు డెక్ మీదికి వస్తే లైఫ్‌జాకెట్, కాళ్ల మధ్య పట్టీతో సహా. రాత్రి కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) దాటి ఎవరూ ఒంటరిగా పోకూడదు, మీ ఇద్దరికీ అదే నియమం.

బడి సంగతి: వర్జీనియాలో ఆగస్టు 15 లోపు స్కూల్ డివిజన్ సూపరింటెండెంటుకు నోటీసు ఇవ్వాలి, మరుసటి ఆగస్టు 1 లోపు చదువు సాగిందని ఆధారం చూపాలి. లెక్కలు రోజూ చేయించు, తక్కినవి వెసులుబాటును బట్టి.

అక్క భయపడుతోందన్నావు. 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద భూగోళం చుట్టివచ్చిన ఆరుగురు భారత నౌకాదళ మహిళల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్లేనని చెబుతాను. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నాకే బయల్దేరారని కూడా చెబుతాను. మీరూ ఈ వేసవంతా నార్‌ఫోక్ దగ్గరి ఖాతం చెసపీక్‌లో తిరగండి, అందులో రెండు రాత్రులైనా లంగరు మీద గాలివానలో గడపండి.

సర్వే రిపోర్టు రాగానే, బేరం తేల్చకముందే నాకు పంపు.

మామయ్య