పాత చట్టం మీద పేపర్ రాస్తే పిల్ల భవిష్యత్తు పోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడాది. ఇంగ్లండులో ఎప్పుడో రద్దయిన 'డియోడాండ్' మీద పేపర్ రాస్తానంటోంది. తోటివాళ్లు కార్పొరేట్ లా, ఏఐ డిప్లొమా అంటున్నారు. నేను డిప్లొమాకి అడ్వాన్స్ కూడా కట్టేశాను. ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అడ్వాన్స్ కట్టేముందు అమ్మాయిని అడిగారా? అడిగుండరు. ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి, టాపిక్ మారుతుందంతే, లోపలున్న టెన్షన్ ఒకటే, మా పిల్ల వెనకబడిపోతుందేమోనని.

అసలు ఆ డియోడాండ్ ఏంటో చూడండి. మనిషి చావుకు కారణమైన వస్తువు, బండి కావచ్చు గుర్రం కావచ్చు, దేవుడి పేరు చెప్పి రాజుకు జప్తయ్యేది. శవ విచారణ చేసే జ్యూరీ దానికి వెల కడితే యజమాని ఆ డబ్బు చెల్లించాలి. ఆగి ఉన్న బండి చక్రం ఎక్కబోయి పడి చనిపోతే చక్రం ఒక్కటే పోతుంది, అదే నడుస్తున్న బండైతే మొత్తం పోతుంది! జ్యూరీలు చాలాసార్లు యజమాని మీద జాలిపడి నామమాత్రపు వెల కట్టేవి. రైళ్లు వచ్చాక ఆ జాలి ఆవిరైంది. 1841లో ఇంగ్లండులో సోనింగ్ అనే ఊరి దగ్గర రైలు ప్రమాదంలో కూలీలు చనిపోతే జ్యూరీ ఏకంగా వెయ్యి పౌండ్లు వేసింది. చివరికి 1846లో డియోడాండ్‌ను రద్దు చేసి, అదే ఏడాది మృతుడి కుటుంబమే పరిహారం అడిగే హక్కు తెచ్చారు. ఆ దారిలోనే మనకు 1855లో ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది, కరెంటు తీగ తగిలి మనిషి పోతే ఇప్పటికీ దాని కింద దావా వేస్తారు. రేపు డ్రైవర్ లేని కారు గుద్దితే డబ్బు ఎవరు కట్టాలి? మీరు డిప్లొమాలో వెతుకుతున్న ఏఐ లా ఇదే కదండీ.

ఇక ఆ ఫ్యాషన్ దారి మీద నా అనుమానాలు దాచుకోను. కార్పొరేట్ లాలో జీతం బాగుంటుంది, కాదనను. కానీ కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే పని ఎక్కువగా కాంట్రాక్టులు చదివి తప్పులు పట్టడం, ఆ పనికే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. ఇలాంటి డిప్లొమా సర్టిఫికెట్ చూసి ఉద్యోగమిచ్చే పెద్ద ఫర్మ్‌ని నేనైతే చూడలేదు. పాత తీర్పులు తవ్వి, ఒక రూలు ఎందుకు పుట్టిందో ఎందుకు చచ్చిందో రాయగలిగిన పిల్లకి లిటిగేషన్‌లో, జడ్జిల దగ్గర లా క్లర్కుగా, టీచింగ్‌లో, ఆ కార్పొరేట్‌లో కూడా చోటుంటుంది. పోల్చమన్నారు గానీ మూడో ఏడాదిలోనే ఒక దారి మూసేయక్కర్లేదు. కంగారు పడకండి.

చేయాల్సింది ఒకటే. ఈ సెలవుల్లో మేయో హాల్ కోర్టుల్లో యాక్సిడెంట్ క్లెయిములు చూసే లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్ చేయించండి, కన్నడ చదవడం రాయడం నేర్పించండి, కింది కోర్టుల్లో అది లేకపోతే కష్టం. ఆ అడ్వాన్స్ వెనక్కిస్తారేమో రేపే ఫోన్ చేసి కనుక్కోండి.