బీఎస్సీ ఫిజిక్స్ చదివే అమ్మాయి గ్రహాల మీద పరిశోధన చేస్తానంటోంది, కుదురుతుందా?

ప్రశ్న: నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ ఫిజిక్స్ మేజర్, రెండో ఏడాది. చంద్రయాన్-3 దిగిన రోజు నుంచి ఇంట్లో చంద్రుడు, కుజుడు, శుక్రుడు తప్ప వేరే మాట లేదు. గ్రహాల మీద పరిశోధన చేస్తుందట. బీటెక్ చేయలేదు కాబట్టి ఇస్రోలో తీసుకోరని కొందరు అంటున్నారు. బీఈడీ చేయించి డీఎస్సీ రాయించమని మా బావగారు అంటున్నారు. పీహెచ్‌డీ అంటే ఎన్నేళ్ళు, అన్నాళ్ళు డబ్బులెక్కడివి అని నా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఇస్రో సంగతి తేల్చేద్దామండీ. ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టులకు వచ్చే నోటిఫికేషన్లు ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ బీటెక్ వాళ్ళకే. మీకు చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. కాకపోతే వాళ్ళు చెప్పింది రాకెట్టు, ల్యాండరు కట్టేవాళ్ళ గురించి. ఆ ల్యాండరు దిగాక అక్కడి నుంచి వచ్చిన లెక్కలు ముందేసుకుని ఆ రాయి ఏ రకం, వయసెంత, నీటి జాడ ఉందా లేదా అని తేల్చేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళలో ఫిజిక్స్, జియాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్ళే ఎక్కువ. మీ అమ్మాయి ఆశపడుతున్నది ఈ రెండో పని, దానికి బీటెక్ లేకపోవడం అడ్డే కాదు.

ఈ పనేంటో మీకు నాకంటే బాగా తెలిసిన రాయితోనే చెబుతాను. మీ దగ్గర గ్యాంగ్‌సా మీద కోసే బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ జియాలజీ వాళ్ళు దాన్ని గాబ్రో జాతి రాయిగా లెక్కేస్తారు. పాలిష్ పట్టాక నల్లటి స్లాబులో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్, అంటే పైరాక్సీన్ కుటుంబంలోని ఖనిజం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్లేజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్ ఖనిజం. ఇప్పుడు చంద్రుడి సంగతి. తెల్లగా కనిపించే ఎత్తు ప్రాంతాలు చాలావరకు ప్లేజియోక్లేజ్‌తో నిండిన అనార్థోసైట్ అనే రాయి, మనం కుందేలు అని చూసే నల్లటి మచ్చలు పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్ కలిసిన బసాల్టు లావా. ఖనిజాలు ఇవే, వాటిని గుర్తుపట్టే పద్ధతులూ ఇవే. మీ అమ్మాయి ఒక ఆదివారం మీతో క్వారీకి వచ్చి జియాలజిస్టు ఎవరైనా ఉంటే పక్కన నిలబడి ఓ గంట ప్రశ్నలడిగితే, అదీ ఈ చదువులో భాగమే.

చంద్రయాన్-3లో వెళ్ళిన ప్రజ్ఞాన్ రోవర్ చేసింది కూడా ఈ రాళ్ళ పనే. 2023 ఆగస్టు 23న దిగాక అది దాదాపు వంద మీటర్లు తిరిగి, ఏపీఎక్స్‌ఎస్ అనే పరికరాన్ని 23 చోట్ల మట్టి దగ్గరికి దించింది. అందులో క్యూరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, దాని నుంచి వచ్చే ఆల్ఫా కణాలూ ఎక్స్‌రేలూ మట్టికి తగిలితే మెగ్నీషియం, అల్యూమినియం, కాల్షియం, ఇనుము ఒక్కోటి తన సొంత శక్తితో ఎక్స్‌రే వదులుతుంది, ఆ ఎక్స్‌రేలను బట్టి ఏది ఎంతుందో లెక్క కడతారు. ఇది మీ అమ్మాయి సిలబస్‌లో అటామిక్ ఫిజిక్స్ కింద ఉన్న పాఠమే, చూసుకోమనండి. ఆ ఫలితాలు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చాయి: అక్కడి మట్టి ప్రధానంగా అనార్థోసైట్ రకం, చంద్రుడు పుట్టిన కొత్తలో అంతా కరిగిన శిలాద్రవంగా ఉండి తేలికైన ప్లేజియోక్లేజ్ పైకి తేలి పైపొరగా గట్టిపడిందన్న వాదనకు అది బలం. ఈ పరికరాన్ని తయారుచేసింది, ఆ పేపరు రాసిన బృందానికి నాయకత్వం వహించింది అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, అందరూ పీఆర్‌ఎల్ అంటారు. 1947లో విక్రమ్ సారాభాయ్ మొదలుపెట్టిన సంస్థ. గ్రహ విజ్ఞానానికి మన దేశంలో మొదట గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇదే.

ఇక అమ్మాయి ఇప్పుడు చేయగలిగింది చెబుతాను, ఇది పైసా ఖర్చు లేని పని. చంద్రయాన్-2 ఆర్బిటర్ ఇంకా తిరుగుతూనే ఉంది, దాని డేటాను ఇస్రో ప్రదాన్ అనే పోర్టల్‌లో పెడుతుంది, రిజిస్టర్ చేసుకుంటే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నాసా వాళ్ళ డేటా కూడా అంతే. 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న వాళ్ళ నౌక ఎల్‌ఆర్‌ఓ తీసిన ఫొటోలు క్విక్‌మ్యాప్ అనే సైట్‌లో నేరుగా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. అపోలో 11 దిగిన ట్రాంక్విలిటీ మైదానంలో ఒక చదరం గీసుకోమనండి, అంతే సైజు చదరం ఇంకోటి తెల్లటి ఎత్తు ప్రాంతంలో గీసుకుని, ఉల్కలు పడి ఏర్పడిన, కిలోమీటరు కంటే పెద్ద గుంటలు రెండిటిలో ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. ఎత్తు ప్రాంతంలో గుంటలు చాలా ఎక్కువొస్తాయి, అంటే ఆ నేల పాతది, ఎక్కువ కాలం దెబ్బలు తిన్నది. ట్రాంక్విలిటీ నుంచి తెచ్చిన బసాల్టుల వయసు సుమారు 360 నుంచి 390 కోట్ల ఏళ్ళని ల్యాబుల్లో తేల్చారు. ఇలా వయసు తెలిసిన నేలల్లోని గుంటల లెక్కతో పోల్చి, ఎవరూ అడుగుపెట్టని చోట్ల వయసు కూడా అంచనా కడతారు. విసుగు పుట్టించే పని, చెప్పేస్తున్నా. రెండు వారాలు ఈ లెక్క పెట్టి కూడా ఆసక్తి పోలేదంటే మాత్రం అమ్మాయి మాటను మీరు సీరియస్‌గా తీసుకోవాల్సిందే.

ఇళ్ళల్లో కూర్చుని చేసే ఈ పనికి విలువేముందిలే అనుకోకండి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయాక, దాని శకలం మొదట కనిపించింది చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణ్యన్ అనే మెకానికల్ ఇంజినీరుకి. ఎల్‌ఆర్‌ఓ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టుకుని చూసి నాసాకి మెయిల్ చేశారు, వాళ్ళు సరిచూసి డిసెంబరులో ఆయన పేరుతోనే ప్రకటించారు.

దీంతోపాటు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, మ్యాపుల మీద పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, రెండూ ఉచితమే. ఇస్రో స్టార్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణ 2023లో మొదలైంది, డిగ్రీ చివరి ఏడాది, పీజీ వాళ్ళకు సౌర వ్యవస్థ అన్వేషణ దాకా పరిచయ పాఠాలు ఉంటాయి, వచ్చే ఏడాది ప్రకటన పడితే కాలేజీ ద్వారా చేరమనండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం) మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా, దాన్ని ఎక్కడో సర్టిఫికెట్ కొని ముగించకుండా, ఒప్పుకునే లెక్చరర్ దొరికితే ఈ డేటా మీదే ప్రాజెక్టు చేయించండి. వేలకు వేలు తీసుకుని "నాసా ట్రైనింగ్" ఇస్తామనే ప్రకటనలకు రూపాయి కూడా కట్టొద్దు. దయచేసి.

దారి ఇలా ఉంటుంది. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఫిజిక్స్‌లో ఉండిపోవచ్చు, భూమి లోపలి సంగతులను ఫిజిక్స్‌తో చదివే జియోఫిజిక్స్‌కి మారొచ్చు. మీ అమ్మాయికైతే నేను జియోఫిజిక్స్ వైపే మొగ్గుతాను, ఎందుకో చివర్లో చెబుతా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో జియోఫిజిక్స్ పాత విభాగాలు, ఐఐటీల్లో కావాలంటే జామ్ పరీక్ష రాయాలి. పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షల్లో ఏదో ఒకటి. సీఎస్ఐఆర్ నెట్‌లో ఒక సబ్జెక్టు పేరే భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలు. పీహెచ్‌డీకి అయిదేళ్ళు అనుకోండి. తిండి ఎవరు పెడతారంటే ప్రభుత్వమే: నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఆ అయిదేళ్ళు మీరు డబ్బు పంపాల్సిన పని పడకపోవచ్చు. మీ భారమల్లా ఎమ్మెస్సీ రెండేళ్ళు.

అమెరికా మాట తప్పకుండా వస్తుంది. అరిజోనా లాంటి చోట్ల ఈ సబ్జెక్టుకే పెద్ద విభాగాలున్నాయి. మంచి పీహెచ్‌డీ సీటైతే ఫీజు మాఫీ, స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. అప్పు చేసి ఎమ్మెస్‌కి పంపడం మాత్రం ఈ సబ్జెక్టుకి నేను ఒప్పుకోను, ఎందుకంటే నాసా సొంత ఉద్యోగాలకు దాదాపు ఎప్పుడూ అమెరికా పౌరసత్వం అడుగుతారు, అప్పు తీర్చే ఉద్యోగం ఈ రంగంలో వెంటనే దొరకదు.

ఇక్కడ కూడా పోస్టులు తక్కువే, దాచి లాభం లేదు. శుక్రుడి మీదకు పంపే మిషన్‌కి, చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కి 2024 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదం ఇచ్చింది కాబట్టి పని పెరుగుతుంది, కానీ పీఆర్‌ఎల్ లాంటి చోట పర్మనెంట్ సీటు అందరికీ రాదు. అందుకే జియోఫిజిక్స్ అన్నాను. గ్రహాల దారి మూసుకుపోయినా అదే డిగ్రీతో జియలాజికల్ సర్వే వాళ్ళ కోసం యూపీఎస్సీ పెట్టే పరీక్ష, ఓఎన్‌జీసీ, హైదరాబాద్ ఉప్పల్‌లో జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేసుకోవచ్చని బావగారికి చెప్పండి.

జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో తెరుచుకుంటాయి, పరీక్ష ఫిబ్రవరిలో. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఏ పేపరుకి ఏ ఐఐటీలో ఏ కోర్సు ఇస్తారో ఆ ఏడాది బ్రోచర్‌లో ఉంటుంది, అమ్మాయీ మీరూ కలిసే చదవండి. పాత ప్రశ్నపత్రాలు జామ్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. ఫిజిక్స్ పేపరు ఒకటి ఈ వేసవిలో గడియారం పెట్టుకుని మూడు గంటలు కూర్చుని రాయమనండి, ఎన్ని మార్కులొచ్చాయో నాకు రాయండి, కోచింగ్ అవసరమా కాదా అప్పుడు చెబుతాను.