వోల్‌స్టైన్ వైద్యుడి ఇల్లు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

సూక్ష్మజీవులే రోగాలకు కారణమని చూపిన జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ జీవితం మీద నువ్వు మొదలుపెట్టిన నవలలో మొదటి నాలుగు అధ్యాయాలూ చదివాను. భాష మీద నీకు పట్టుంది, వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు. ఆ మెచ్చుకోలు ఇంతటితో చాలించి, నాకు అభ్యంతరమనిపించిన సంగతికే వస్తాను. మొదటి పేజీలోనే 1905 నాటి నోబెల్ బహుమతిని, 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమి గురించి ఆయన చేసిన ప్రసంగాన్ని తెచ్చి పెట్టావు. అది చదివిన పాఠకుడికి, ఆ తరవాత, అంతకు ముందెప్పుడో ఆయన వైద్యుడిగా కాపురమున్న వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో ఏం చేసినా రాబోయే ఘనతకు నాందిగానే కనిపిస్తుంది. నిజానికి ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ ఘనత సంగతి ఆయనకు తెలియదు, భార్య ఎమ్మీకి తెలియదు, వాకిట్లో కూర్చున్న రోగులకు అసలే తెలియదు. నవల నడవవలసింది ఆ తెలియనితనంలోనే.

1872లో ఆయన అక్కడికి వెళ్లేనాటికి వయసు 28. 1866లో గాటింగెన్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు ఎమ్మీ ఫ్రాట్స్‌ను పెళ్లి చేసుకున్నాడు, 1868లో కూతురు గెర్ట్రూడ్ పుట్టింది. ఆ నాలుగైదేళ్లలో హాంబర్గ్, లాంగెన్‌హాగెన్, నీమెగ్, రాక్విట్స్ అంటూ ఎన్ని ఊళ్లు మారవలసి వచ్చిందో చూడు. మధ్యలో ఫ్రాన్సుతో యుద్ధం వస్తే సైన్యంలో వైద్యుడిగా స్వచ్ఛందంగా చేరి వెళ్లాడు. నువ్వు దీన్నంతా ఒక్క పేరాలో ముగించావు. చంకలో పసిపిల్లతో ఒక ఊళ్లో సామాను సర్దుకుని, ఇరుగుపొరుగు పరిచయమయ్యేలోగా మరో ఊరికి కదలవలసి వచ్చిన ఇల్లాలి వైపు నుంచి ఆ పేరాను మళ్లీ రాసి చూడు, కనీసం ఇరవై పేజీలవుతుంది. కాక్‌కు ఓడల మీద వైద్యుడిగా దేశదేశాలు తిరగాలని కోరిక ఉండేదని, ఆమె ఒప్పుకోలేదని చెబుతారు. ఈ ఊళ్లన్నీ చూపించాక ఆ మాట చెబితే ఎమ్మీ మొండిమనిషిగా కనబడదు. తన కుటుంబానికి ఒక స్థిరమైన గడప కావాలనుకున్న మనిషిగా కనబడుతుంది.

ఆ గడప వోల్‌స్టైన్‌లో దొరికింది. అప్పుడది ప్రష్యా రాజ్యంలోని పోజెన్ రాష్ట్రంలో జర్మన్లు, పోలిష్ జనం, యూదులు కలిసి బతికిన చిన్న ఊరు. ఇప్పుడు పోలండ్‌లో ఉంది. కాక్ అక్కడ జిల్లా ప్రభుత్వ వైద్యాధికారి. ఆ ఉద్యోగం చేసే మనిషికి రోజెలా గడుస్తుందో నీ నవలలో ఎక్కడా లేదు, ఇది పెద్ద లోటు. ఊళ్లో చూడవలసిన రోగులు, గుర్రబ్బండిలో వెళ్లి చూసి రావలసిన పల్లెల రోగులు, కోర్టులకు రాసివ్వవలసిన నివేదికలు, వీటికి తోడు 1874లో జర్మనీలో మశూచి టీకా తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక పెరిగిన టీకాల పని. పరిశోధన సాగింది వీటన్నిటి నుంచి మిగిలిన గంటల్లో. నువ్వు ఆయన్ను పొద్దస్తమానం మైక్రోస్కోపు ముందే కూర్చోబెట్టావు. జీతం ఎక్కడి నుంచి వస్తోందో పాఠకుడు అడగడా?

ఎమ్మీ ఇంటిఖర్చులో మిగిల్చి భర్త పుట్టినరోజుకు మైక్రోస్కోపు కొనిచ్చిందన్న కథ చాలా పుస్తకాల్లో ఉంది. నువ్వూ దాన్ని కంటతడి పెట్టించేలా రాశావు. తీసేయమనను, కన్నీళ్లు మాత్రం తగ్గించు. ఆ పరికరం వచ్చాక ఆ ఇల్లు ఎలా మారిందన్నదే నాకు ఆసక్తి. రోగులను చూసే గదిలో అడ్డంగా తెర కట్టారు, తెరకు ఇవతల రోగులు, అవతల గాజుపలకలు, సీసాలు. చిట్టెలుకలు, కుందేళ్లు ఆ ఇంటి కాపురంలో భాగమయ్యాయి. నాలుగేళ్ల పిల్ల గెర్ట్రూడ్ అక్కడే పెరిగి పన్నెండేళ్లదైంది. నిన్న తను మేత వేసిన చిట్టెలుక ఇవాళ బోనులో లేకపోతే ఆ పిల్ల తండ్రిని ఏమడిగి ఉంటుందో చరిత్ర చెప్పదు, నువ్వు చెప్పాలి. నవలాకారుడికి దొరికే చోటు అదే.

ప్రయోగం విషయంలో మాత్రం కల్పన వద్దు, ఉన్నదున్నట్టు రాయి. ఆ ప్రాంతంలో గొర్రెలను, పశువులను దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, చంపుతుండేది. మన తెలుగు పాఠకుడికి దీన్ని పెద్దగా వివరించనక్కరలేదు. సాయంత్రం దాకా మేసిన జీవం తెల్లారేసరికి కూలిపోవడం, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారడం మన గొర్రెల కాపరులు ఎరిగినదే. ఆ నెత్తుటిలో కడ్డీల్లాంటి సూక్ష్మజీవులున్నాయని కాక్‌కు ముందే కొందరు చూశారు. అవే రోగానికి కారణమని తేల్చడం మిగిలింది. ఆయన సన్నటి చెక్కపుల్లను వేడి చేసి శుభ్రం చేసి, చచ్చిన జంతువు ప్లీహంలోని నెత్తుటిలో ముంచి, చిట్టెలుక తోక మొదట్లో చిన్న గాటు పెట్టి అందులో ఉంచేవాడు. మర్నాటికి ఎలుక చచ్చేది, కోసి చూస్తే ప్లీహం ఉబ్బి నల్లగా ఉండేది, అందులో మళ్లీ అవే కడ్డీలు కనిపించేవి. దాని నుంచి ఇంకో ఎలుకకు, ఆ ఎలుక నుంచి మరో ఎలుకకు, ఇలా వరసగా 20 ఎలుకల దాకా ఎక్కించాడు. ఆరోగ్యంగా ఉన్న జంతువు నెత్తురు ఎక్కించిన ఎలుకలకు ఏమీ కాలేదు. ఎద్దు కంటిలోని స్వచ్ఛమైన నీటిని ఒక్క చుక్క తీసి, అందులో ఆ కడ్డీలున్న ప్లీహం ముక్క వేసి, గుంట చెక్కిన గాజుపలక మీద వేలాడేలా అమర్చి, వెచ్చగా ఉంచి గంటల తరబడి చూస్తే, ఆ కడ్డీలు సాగి పొడుగు దారాలై, ఆ దారాల్లో పూసల్లాంటి చుక్కలు ఏర్పడ్డాయి. ఆ చుక్కలే సిద్ధబీజాలు, అంటే ఆ సూక్ష్మజీవి గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపం. అవి మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటాయి కనుకనే ఒక బీడులో మేసిన గొర్రెలు మళ్లీ మళ్లీ చచ్చేవి. దొమ్మ రోగంతో చచ్చిన పశువును కోయవద్దు, లోతుగా గొయ్యి తీసి పూడ్చమని మన పశువైద్యులు ఇవాళ చెప్పే జాగ్రత్తకు మూలం అక్కడే ఉంది. ఈ మొత్తాన్ని నువ్వు 'అద్భుతమైన ప్రయోగాలు చేశాడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టావు. అద్భుతం అన్న మాట కొట్టేసి ఆ చెక్కపుల్ల చూపించు.

1876 ఏప్రిల్ 30న ఆయన బ్రెస్లావ్‌కు బయల్దేరి వెళ్లి, అక్కడి వృక్షశాస్త్ర ప్రొఫెసర్ ఫెర్డినాండ్ కోన్ ముందు మూడు రోజుల పాటు ఈ పనంతా చేసి చూపించాడు. వ్యాసం ఆ ఏడే కోన్ పత్రికలో వచ్చింది. నువ్వు అక్కడ చప్పట్లతో అధ్యాయం ముగించి, తరవాతి అధ్యాయాన్ని బెర్లిన్‌లో తెరిచావు. మధ్యలో నాలుగేళ్లు ఏమయ్యాయి? ఆ నాలుగేళ్లూ కాక్ చాలావరకు వోల్‌స్టైన్‌లోనే ఉన్నాడు, టీకాలు వేస్తూ, పల్లెలు తిరుగుతూ, సూక్ష్మజీవులకు ఫొటోలు తీస్తూ, గాయాలు చీముపట్టడం మీద పుస్తకం రాస్తూ. 1879లో ఉద్యోగానికి బ్రెస్లావ్ వెళ్లి, రాబడి చాలక కొద్ది నెలలకే తిరిగి వోల్‌స్టైన్ చేరాడు. పండితులు మెచ్చుకున్నాక కూడా పాత ఇంటికే తిరిగొచ్చిన ఆ సంసారం నాకు బ్రెస్లావ్ మూడు రోజులకన్నా విలువైన ఘట్టం.

ఇక 1893లో ఎమ్మీతో విడాకులు, అదే ఏడు తనకంటే చాలా చిన్నదైన హెడ్విగ్ ఫ్రైబర్గ్‌తో పెళ్లి. ఈ సంగతి తెలిసినందువల్ల నువ్వు వోల్‌స్టైన్ నుంచే ఆలూమగల మధ్య చిటపటలు పేర్చుకుంటూ వచ్చావు. ఇరవై ఏళ్ల తరవాతి ముగింపును ఆ ఇంట్లోకి ముందే లాక్కురావడం నోబెల్‌ను మొదటి పేజీలో పెట్టడం లాంటిదే. సణుగుతూ ఉండే భార్య, చదువులో మునిగిపోయిన భర్త అనే అచ్చు మన నవలల్లో బాగా అరిగిపోయింది, ఎమ్మీని అందులో పోయకు.

నవలను 1880లో బెర్లిన్ ఆరోగ్య కార్యాలయంలో ఉద్యోగానికి పిలుపు వచ్చేచోట ఆపమని నా సలహా. కలరా క్రిమి కోసం 1883లో ఆయన కలకత్తా రావడం, 1897లో ప్లేగు నాటి బొంబాయిలో అడుగుపెట్టడం మన పాఠకులకు ఇష్టమైన ఘట్టాలే, కానీ అవి వేరే పుస్తకానికి సరిపడా ఉన్నాయి. ముందు రెండో అధ్యాయం, ఆ తరవాత నాలుగోది తిరగరాసి పంపు. తొందరేమీ లేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి