ఏళ్ల తరబడి ఉండటానికి ఎంత పెద్ద మోటార్‌హోమ్ కొనాలి?

రిటైరయ్యాక అనంతపురం నుంచి భార్యాభర్తలిద్దరం బయల్దేరి ఏళ్ల తరబడి బండిలోనే ఉంటాం, బస్సంత మోటార్‌హోమ్ (పడక, వంటగది ఉన్న ఇల్లు లాంటి బండి) తీసుకోవచ్చా అని ఒకాయన అడిగారు. ఇద్దరికైతే వద్దండీ, ఆరేడు మీటర్లది చాలు. మన దేశంలో 12 మీటర్ల దాకా అనుమతి ఉంది గానీ, 44వ నంబరు హైవే మీద హాయిగా పోయే అంత పొడుగు బండిని లేపాక్షి ఊళ్లోనో గండికోట దగ్గరో వెనక్కి తిప్పుకోవాలంటే చాలా కష్టం. మొత్తం బరువు 7,500 కిలోలు దాటితే మామూలు కారు లైసెన్సు కూడా చెల్లదు.

అసలు చూడాల్సింది కరెంటు. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, ఆ సగంతో 1,500 వాట్ల ఏసీ గంట కూడా నడవదు. మన సీమ ఎండల్లో అదెక్కడ సరిపోతుంది? అందుకే సోఫాలు, లైట్లు చూసి మురిసిపోకుండా పెద్ద లిథియం బ్యాటరీ, సోలార్, పైకప్పుకి మందమైన ఇన్సులేషన్ (వేడిని లోపలికి రానివ్వని పొర) ఉన్నదే తీసుకోండి. నీళ్లు 200 లీటర్లు నింపితే 200 కిలోలు పెరిగినట్టే, కాబట్టి సామాను కూడా ఎక్కించి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి.

పాత టెంపో ట్రావెలర్‌ని మార్చి అమ్ముతుంటే మాత్రం, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందని చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.